డెబ్బై కిలోల మేక

ఆసుపత్రి వెనక షెడ్డు,
సోమవారం

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, నాకు అలవాటే. మా మిషను తిరిగింది. పోయినసారి వచ్చినప్పుడు "ఇది బట్టలుతికేదా, పిండి రుబ్బేదా" అని వెక్కిరించావే, ఆ చెక్క డ్రమ్మే.

మళ్ళీ చెబుతా, ఈసారైనా ఆవులించకుండా విను. మూత్రపిండాలు మొరాయిస్తే ఒంట్లో మురికి ఒంట్లోనే పేరుకుపోతుంది. ఆ రక్తాన్ని కాసేపు బయటికి తీసి, కడిగి, మళ్ళీ లోపలికి పంపాలి. అందుకని డ్రమ్ము చుట్టూ సన్నటి సెల్లోఫేన్ గొట్టం చుట్టాను. పై దేశాల్లో మాంసం దుకాణాలవాళ్ళు కైమా కూరి అమ్మేది అందులోనే. డ్రమ్ము కింది సగం ఉప్పునీళ్ళ తొట్టిలో మునిగి తిరుగుతుంది. గొట్టంలో రక్తం పారుతుంటే మురికి ఆ పొరలోంచి నీళ్ళలోకి దిగిపోతుంది, రక్తం మాత్రం దిగదు. ఎండుచేపని నానేస్తే ఉప్పు వదలడం లేదూ, అలాగన్నమాట.

గొట్టం మడత పడకుండా చుట్టడం మాత్రం నాన్న పెట్టిన భిక్ష. సినిమాహాలు ప్రొజెక్టరు గదిలో ఆయన రీళ్ళు చుడుతుంటే పక్కన కూర్చుని చూసినవాణ్ణి కదా.

ఇప్పుడు మా దగ్గర ఒక మేక ఉంది. ముసలిది, మహా మొండిది. జ్వరం వచ్చి దాని మూత్రపిండాలు ఆగిపోయాయి. వాటిని కొన్నాళ్ళు ఆదుకుంటే మళ్ళీ లేస్తాయని పెద్ద డాక్టరుగారి నమ్మకం. ఆ కొన్నాళ్ళూ మా మిషను కాపు కాయాలి.

నాన్న బాగానే ఉన్నారు. కుడిచెయ్యి బెణికి కట్టు కట్టించుకున్నారు, అందుకే నీకు రాయడం లేదు. కంగారేం లేదు.

నీ మరమ్మతుగాడు


ఆఫీసు నుంచి,
శుక్రవారం

ఒరేయ్ మరమ్మతుగా,

మిషను తిరిగినందుకు సంతోషం. అమ్మ గోడగడియారం విప్పి, తిరిగి బిగించాక చేతిలో నాలుగు స్క్రూలు మిగుల్చుకున్నవాడివి నువ్వు. ఈ డ్రమ్ములో ఎన్ని మిగిలాయో మీ డాక్టరుగార్ని చూసుకోమను.

ఇవాళ మార్కెట్టులో తూనికల తనిఖీకి వెళ్ళాను. ఒక కసాయి కాటా పళ్ళెం కింద అయస్కాంతం అతికించి, ప్రతి కిలోకీ చారెడు మాంసం మిగుల్చుకుంటున్నాడు. నేను పళ్ళెం తిరగేసి చూపిస్తే "అమ్మగారూ, అది దిష్టి తగలకుండా పెట్టుకున్నానండీ" అన్నాడు. నవ్వాపుకుని సీలు వేసి వచ్చాను.

ఇక అసలు సంగతి. నాన్న కుడిచెయ్యి బెణికితే ఉత్తరం ఎందుకు ఆగింది? ఆయన రాసేది ఎడమచేత్తో కదరా. అన్నం ఒక్కటే కుడిచేత్తో తింటారు, అదీ నానమ్మ కొట్టి నేర్పింది గనక. కన్నతండ్రి ఏ చేత్తో రాస్తారో మర్చిపోయేంత పనిలో ఉన్నావా, లేక ఇంకేదైనా ఉందా? నా ఉద్యోగమే అనుమానం. తూకం సరిగ్గా ఉందని దుకాణంవాడు ముందుగా చెప్పాడంటే ఆ పళ్ళెమే మొదట తిరగేస్తాను. నువ్వు "కంగారేం లేదు" అని నేనడక్కుండానే రాశావు.

నాన్న చేత ఒక్క ముక్క రాయించు.

అక్క


ఆసుపత్రి షెడ్డు,
బుధవారం

తక్కెడక్కా,

ఎడమచెయ్యే. తొందరలో తప్పు రాశాను. దానికింత పంచాయితీయా? పెన్ను పట్టుకోలేకపోతున్నారు, నీకు ఆశీస్సులు చెప్పమన్నారు. నువ్వు మాత్రం ఈసారి పెన్సిల్‌తో గీకి పంపావేం? చదవలేక చచ్చాను.

మా మేక సంగతి విను. మిషను మీద మొదటిసారి ఎక్కించేనాటికి కాళ్ళు వాచి, మత్తుగా పడుంది, పిలిస్తే పలకలేదు. ఒక నరంలోంచి గాజుగొట్టంతో రక్తం తీశాం, ఇంకో నరంలోకి పంపాం. రక్తం గడ్డకట్టకుండా మందు కలపాలి. మందు ఎక్కువైతే కోసినచోటల్లా కారుతుంది, తక్కువైతే గొట్టం మూసుకుపోతుంది. మందు డాక్టరుగారు చూసుకున్నారు, డ్రమ్ము నేను చూసుకున్నాను. ఎక్కించేముందు తూస్తే డెబ్బై కిలోలు దాటి ఉంది. దించాక తూస్తే నాలుగు కిలోలు తగ్గింది, అదంతా ఒంట్లో నిలిచిన నీరే.

మర్నాడు పొద్దున కళ్ళు తెరిచింది. రెండో దిండు పెడితేగానీ పడుకోనని మొండికేసింది. డ్రమ్ము వంక చూసి, చుట్టు వంకరగా ఉందన్నట్టు మొహం పెట్టింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది అక్కా.

కాకపోతే ఎక్కించిన ప్రతిసారీ కొత్తచోట నరం కొయ్యాలి. కోసిన నరం మళ్ళీ పనికిరాదు. అందుకని ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు ఎక్కించలేం.

నీ తమ్ముడు


ఆఫీసు నుంచి,
శనివారం

తమ్ముడూ,

ఊళ్ళో ఉన్న ప్రతి కసాయి కాటా నా చేతుల మీదుగా వెళ్తుంది. మేక ఎంత తూగుతుందో నాకు పాఠం చెప్పకు. మహా మేపిన పోతు కూడా డెబ్బై కిలోలు తూగడం నేను చూడలేదు. అందులోనూ ముసలిదీ, జబ్బుదీనా?

మేకకి రెండో దిండు కావాలా? మన ఇంట్లో రెండు దిండ్లు లేకపోతే నిద్రపట్టనిది ఎవరికి? చుట్టు వంకరపోతే మొహం చిట్లించేది ఎవరు? నరం కొయ్యకపోతే ఆయన కుడిచేతికి కట్టు ఎందుకొచ్చింది? నువ్వు తప్పు రాయలేదు. కళ్ళెదురుగా కనిపిస్తున్న కట్టునే రాశావు. అబద్ధం మధ్యలో నిజం జారిపోయింది, అంతే.

ఆ మేక నాన్నే.

అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు కూడా అక్కడివాళ్ళు "కంగారేం లేదు" అనే అన్నారు. తెల్లకోట్లవాళ్ళంతా మనకి తెలిసినవాళ్ళలాగే నవ్వారు. వెనక్కి తెచ్చుకున్నది ఆవిడ చెప్పులే. నాకు చెప్పకుండా ఏ ఆసుపత్రిలోనూ చేరనని నాన్న ఆరోజు నా చెయ్యి పట్టుకుని మాటిచ్చారు. నువ్వు పక్కనే ఉన్నావు.

ఇప్పుడు నీ డ్రమ్ముకి మనిషి కావలసివచ్చాడు, ఇంట్లోనే దొరికారు. అంతేనా? కాదని రాయి. నమ్ముతానో లేదో తర్వాత సంగతి.

అక్క

పెన్సిలా? ఆఫీసులో పెన్నులకి కాళ్ళొస్తున్నాయి.


వార్డు పక్క గది,
సోమవారం

అక్కా,

నాన్నే.

జ్వరం వచ్చింది, ఒంటినిండా విషం పాకింది, జ్వరం తగ్గేసరికి మూత్రం ఆగిపోయింది. నీకు రాస్తానంటే వద్దన్నారు. "అది వచ్చి నన్ను మంచంతో సహా మోసుకుపోతుంది. అయ్యాక చెబుదువుగాని" అన్నారు. మేక కథ కూడా ఆయన చెప్పిందే. "నేనెలా ఉన్నానో అబద్ధం రాయకు, నేనెవరో ఒక్కటే మార్చు" అన్నారు. అందుకే దిండు సంగతి కూడా రాశాను. ఆయన గురించి నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

మొదటిసారికి మత్తు కమ్మకముందే, రెండోసారికి కళ్ళు తెరిచాక ఆయనే సంతకం పెట్టారు. ఇప్పుడు మళ్ళీ మత్తు కమ్మింది. నన్ను నీ పేరుతో పిలుస్తున్నారు. మిషను చేసినవాణ్ణి నేనే గనక నా సంతకం చెల్లదని ఆసుపత్రి నియమం. అంటే మిగిలింది నువ్వే. కాగితం ఇందులో పెట్టాను. మూడోసారి ఎక్కించకపోతే పది రోజులు గడవవని డాక్టరుగారు అన్నారు.

సంతకం పెట్టి పంపు. లేదా రా, వచ్చి నీ కళ్ళతో చూసి పెట్టు. రాత్రి రైలెక్కితే పొద్దునకల్లా ఇక్కడుంటావు.

తమ్ముడు


ఆఫీసు నుంచి,
బుధవారం

కాగితం అందింది. పెట్టలేదు.

ముందు నా ప్రశ్నలకి జవాబు చెప్పు. నాన్నకి ముందు ఆ మిషను ఎక్కినవాళ్ళు ఎవరు? వాళ్ళిప్పుడెక్కడ? అసలు మేక అంటూ ఒకటి ఉందా, ఉంటే ఏమైంది? నరం కోసేచోట్లు ఇంకెన్ని మిగిలాయి? ఎక్కించమని తొందరపెడుతున్నది నాన్న ప్రాణమా, మీ డాక్టరుగారి పేరు ప్రతిష్ఠలా?

ఒక పళ్ళెం చూపించి తూకం ఒప్పుకోమంటే నేను ఒప్పుకోను. రెండోది కూడా చూపించు.

నాకు సెలవు దొరకదు.

అక్క


వార్డు పక్క గది,
శుక్రవారం

అక్కా,

రెండో పళ్ళెం ఇదిగో.

నాన్నకి ముందు ఇద్దరు. మొదటాయన లారీ డ్రైవరు, మిషను మీద ఉండగానే పోయాడు. గొట్టం మూసుకుపోయింది. నేను డ్రమ్ము ఆపేసరికే ఆలస్యమైంది. రెండో ఆవిడ పంతులమ్మ, దిగాక లేచి కూర్చుని మాట్లాడింది, మళ్ళీ మత్తులోకి జారింది. కొయ్యడానికి నరం దొరకలేదు. మేక నిజంగానే ఉంది. అది బతికింది, వంటగది వెనక నా చొక్కా చేతులు నమిలేస్తోంది. మా మిషను మేకని బతికించింది, మనిషిని ఇంకా బతికించలేదు. ఇది నాన్నకి చెప్పే ఎక్కించాను. "సరే, మూడో ఆట ఆడుతుందేమో చూద్దాం" అన్నారు. ఆయన హాల్లో మొదటి రెండాటలకీ జనం రాకపోతే అనే మాట గుర్తుందా?

రెండు మణికట్లూ అయిపోయాయి. ఒక చీలమండ మిగిలింది. ఆ తర్వాత ఏంటంటే నాకు తెలియదు, డాక్టరుగారికీ తెలియదు. తెలియదని నోటితో ఒప్పుకున్నారు గనకే ఆయన్ని నమ్ముతున్నాను.

ఇప్పుడు నా ప్రశ్న ఒకటి. తలనొప్పి అని రాస్తే మందులసంచీతో దిగే మనిషివి. నాన్న చావుబతుకుల్లో ఉన్నారంటే "సెలవు దొరకదు" అని ఒక్క ముక్క రాస్తావా? నన్ను అనుమానించావు, బాగానే ఉంది, నేను చేసింది అలాంటిది. కానీ నాకూ నీ మీద అనుమానమొస్తోంది. ఒకవేళ ఏదైనా జరిగితే తప్పంతా నా నెత్తిన వెయ్యడానికి దూరంగా కూర్చున్నావా? ఈ మాట రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది. అయినా కొట్టెయ్యడం లేదు.

తమ్ముడు


ఆఫీసు నుంచి,
ఆదివారం

సంతకం పెట్టాను. ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేయించాను.

ఆ డ్రైవరు సంగతి నువ్వు దాచి ఉంటే పెట్టేదాన్ని కాదు. ఈసారి గొట్టం నువ్వొక్కడివే చుట్టకు. చుట్టాక నాన్న మంచం పక్కకి తీసుకెళ్ళి చూపించు. మత్తులో ఉన్నా సరే చూపించు. చుట్టు వంకరగా ఉంటే ఆయన చచ్చి పడున్నా ఊరుకోరు.

నీ చివరి మాటలు చదివి నేను ఎలా ఉన్నానో నీకు చెప్పను.


వార్డు పక్క గది,
శుక్రవారం

అక్కా, అక్కా,

మూత్రం వచ్చింది.

మంగళవారం ఎక్కించాం. నువ్వు చెప్పినట్టే గొట్టం మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. కళ్ళు తెరవలేదు గానీ వేలు ఒకటి కదిపారు. ఆ వేలు చూపించినచోట తడిమితే నిజంగానే మడత ఉంది. విప్పి మళ్ళీ చుట్టాను. మిషను సాఫీగా నడిచింది. నిన్న సాయంత్రం హెడ్ నర్సు ఒక సీసా పట్టుకుని, పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు మెల్లగా నడిచి వచ్చింది. అడుగున చారెడు, చిక్కగా, ఎర్రగా. పెద్ద డాక్టరుగారు ఆ సీసాని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుని ఎంతసేపు చూశారో. ఇవాళ సగం సీసా. ఇక మిషను అక్కర్లేకపోవచ్చన్నారు.

నాన్న లేచారు. మొట్టమొదట అడిగింది మంచినీళ్ళు, రెండోది నువ్వు.

తమ్ముడు


ఆఫీసు నుంచి,
ఆదివారం

తమ్ముడూ,

నమ్మాలని ఉంది. దేవుడి మీద ఒట్టు, నమ్మాలని ఉంది. కుదరడం లేదు.

"నాన్న బాగానే ఉన్నారు" అని ఇదే చేత్తో, ఇదే సిరాతో రాశావు. అప్పుడు ఆయన మత్తులో పడున్నారు. ఇప్పుడు "లేచారు" అంటున్నావు. ఒకవేళ ఆ మంగళవారమే అంతా అయిపోయి ఉంటే, నేను ఒంటరిగా ఉన్నానని జాలిపడి ఈ సీసా కథ అల్లి ఉంటే? నువ్వు చెయ్యగలవు. నేను ఏడిస్తే చూడలేనివాడివి, చిన్నప్పుడు నా చచ్చిపోయిన చిలక ఎగిరిపోయిందని చెప్పింది నువ్వే. చాలా ఏళ్ళు నమ్మాను.

నువ్వు నాన్నలా ఎడమచేత్తో రాసి పంపినా పట్టేస్తాను. ఆయన మాటలని నువ్వు రాసినా, నీకు తెలిసిన మాటలే రాస్తావు. ఆయన మాత్రమే చెప్పగలిగింది ఏదైనా పంపు. అదేంటో నాకూ తెలియదు. అది చూశాకే నేను అన్నం తిన్నట్టు తింటాను.

అక్క


వార్డు, కిటికీ పక్క మంచం,
బుధవారం

అక్కా,

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. నవ్వారు, దగ్గొచ్చింది, హెడ్ నర్సు నన్ను తిట్టింది. "దానికి అనుమానం నా పోలికే" అని మురిసిపోయారు. రెండు మణికట్లకీ కుట్లున్నాయి గనక రాయలేరు. నీ ఉత్తరాలన్నీ మొదట్నుంచీ చదివించుకున్నారు. తర్వాత కళ్ళు మూసుకుని ఈ మాటలు చెప్పారు. అందులో సగం నాకు తెలియని సంగతులే. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"కాటా కింద అయస్కాంతం పెట్టి దిష్టికని చెప్పిన కసాయి కథ మీ అక్క నాకు పోయిన వేసవిలోనే తన వరండాలో కూర్చుని చెప్పింది. ఆ కసాయి అప్పుడే దుకాణం ఎత్తేసి పోయాడు. మళ్ళీ 'ఇవాళ' అని నీకెందుకు రాసింది? ఇవాళ అది మార్కెట్టుకి వెళ్ళలేదు గనక. మొన్నా వెళ్ళలేదు. తనిఖీల కబుర్లు లేకుండా ఉత్తరం రాసే మనిషేనా అది? తర్వాత ఒక్కటైనా ఉందా చూడు.

"పెన్సిల్‌తో ఎందుకు రాస్తోంది? వెల్లకిలా పడుకుని రాస్తే పెన్నులో సిరా దిగదు. ఇన్ని రోజులు వెల్లకిలా పడుకున్నవాణ్ణి, నాకు తెలుసు. ఉత్తరం పోస్టులో 'వేయించాను' అంది, వేశాను అనలేదు. ఆదివారం కూడా 'ఆఫీసు నుంచి' అని రాసింది, ఆదివారం ఏ ఆఫీసు తెరుస్తారు?

"నేను పోతానంటే రాని కూతురు కాదది. రాలేక రాలేదు. పోయిన ఏడు లారీలు తూచే వేబ్రిడ్జి గుంటలోకి దిగుతూ ఒకసారి జారింది, మళ్ళీ దిగొద్దని చెప్పాను. దిగి ఉంటుంది. నాకు తెలిస్తే కంగారుపడతానని దాచింది. మన ఇంట్లో మేకలు రెండురా. ఏ కాలో అడుగు."

ఇంతే. వేసవిలో నీ వరండాలో నేను లేనక్కా. ఆ కసాయి ఎవరో, ఎప్పుడు పోయాడో నాకు తెలియదు.

ఏ కాలు?

తమ్ముడు


మా ఇంటి ముందు గది, మంచం మీద నుంచి,
శుక్రవారం

నాన్నా,

ఎడమ కాలు. మోకాలి కింద రెండుచోట్ల. తొడదాకా ప్లాస్టరు. మీ మరమ్మతుగాడు మొదటి ఉత్తరం రాయకముందే, మీరన్నట్టు ఆ గుంటలోనే విరిగింది. పక్కింటావిడ అన్నం పెడుతోంది, ఉత్తరాలు ఆవిడే పోస్టు చేస్తోంది. ఆఫీసు మొహం చూసి ఎన్నాళ్ళయిందో. మీకు రాయొద్దని నేనే ఆవిడకి చెప్పాను.

మీరు పోతారేమోనని సంతకం చేసిన రోజు, మంచం దిగి కుంటుకుంటూ గుమ్మందాకా వెళ్ళాను. రైలెక్కేద్దామని. గుమ్మం దగ్గరే పడ్డాను. చాలాసేపు అక్కడే కూర్చుని ఏడ్చాను. "దూరంగా కూర్చున్నావా" అని తమ్ముడు రాసిన ఉత్తరం చేతిలోనే ఉంది. వాడి తప్పు లేదు. నేను వాడికి చూపించింది ఒక్క పళ్ళెమే.

బతికి ఉన్నారు నాన్నా. ఎవరూ పట్టుకోలేని నా అబద్ధాన్ని మంచం మీద పడుకుని పట్టేశారు. పక్కింటావిడ నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియక మంచినీళ్ళు తెచ్చింది.

నెలాఖరుకి ప్లాస్టరు తీస్తారట. తీసిన రోజే రైలెక్కుతాను. ఈలోపు మిమ్మల్ని తూస్తే ఎంత ఉన్నారో తమ్ముణ్ణి రాయమనండి. వాడు ఎంత రాస్తే అంత నమ్ముతాను.

మీ రెండో మేక